ఫ్రెంచ్ రాకపోయినా ఫోరే పాట "అప్రెజ్ ఆఁ రేవ్" పాడటం ఎలా?

ఒక్క గొంతు, ఒక్క పియానో, అటూ ఇటూగా మూడు నిమిషాలు, అంతే పాట. పేరుకి అర్థం "ఒక కల తర్వాత". కవితని తీసుకుని గొంతుకీ పియానోకీ కట్టే ఇలాంటి చిన్న పాటల్ని ఫ్రాన్స్‌లో మెలొదీ అంటారు. ఫ్రెంచ్ స్వరకర్త గాబ్రియెల్ ఫోరే (1845–1924) ఇలాంటివి దాదాపు వంద రాశాడు, అందులో బాగా పేరున్నవాటిల్లో 1878లో అచ్చయిన ఈ పాట ఒకటి. మాటలు రొమాఁ బుసీన్‌వి, ఆయన పారిస్ కన్సర్వేటరీలో పాట నేర్పిన మాస్టారు కూడా, ఇటలీలో టస్కనీ వైపు ఎవరు రాశారో తెలియని ఒక కవితని ఫ్రెంచ్‌లోకి తెచ్చాడు. మీరు కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకుని ఉన్నా, చర్చ్ క్వైర్‌లో పాడుతున్నా ఇది మీకు వచ్చే పాటే, కాకపోతే మనం మామూలుగా పాట నేర్చుకునే వరస ఇక్కడ తిరగేయాలి.

1. నోట్స్, శ్రుతి

ఫోరే పోయి వందేళ్ళు దాటింది కాబట్టి పాత ఎడిషన్ల స్కోర్ (అచ్చేసిన నోట్స్) ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఒరిజినల్ సీ మైనర్ అనే స్కేల్‌లో ఉంటుంది. అది మీకు పైకి వెళ్ళిపోతుంటే కష్టపడొద్దు, మీడియం వాయిస్‌కీ లో వాయిస్‌కీ దించి అచ్చేసినవి ఉన్నాయి, మనం ఎవరి శ్రుతిలో వాళ్ళు పాడుకున్నట్టే వాళ్ళూ పాడుకుంటారు, అదేం తప్పు కాదు. చివర్లో "ఎలాస్" (అయ్యో) అనే చోటు నుంచి పాట బాగా పైకెక్కుతుంది, ముందు అది ఒకసారి పాడి చూసుకుని అక్కడ గొంతు బిగుసుకోకుండా ఏ శ్రుతిలో వస్తుందో అది తీసుకోండి.

2. కథ

కలలో నువ్వు కనిపించావు, కళ్ళు ఇంకా మృదువుగా ఉన్నాయి, గొంతు స్వచ్ఛంగా మోగింది, పిలిచావు, నేను భూమిని వదిలేసి నీతో వెలుగు వైపు పారిపోయాను, మనకోసం ఆకాశం తెరుచుకుంది. అయ్యో, మెలకువ వచ్చింది. ఓ రాత్రీ, నీ అబద్ధాలే నాకు తిరిగిచ్చెయ్, మళ్ళీ రా. మొత్తం కథ ఇదే. ప్రతి లైన్ కిందా మీ సొంత తెలుగులో అర్థం పెన్సిల్‌తో రాసుకోండి.

3. మాటలు (ఎక్కువ టైం ఇక్కడే పెట్టాలి)

మనకి గీతం నేర్పేటప్పుడు ముందు స్వరం, తర్వాత సాహిత్యం. ఇక్కడ ఉల్టా. ఈ పాటల్లో ట్యూన్ మాటల్లోంచే పుట్టింది, మాట నోట్లో నలగకుండా ట్యూన్ పట్టుకుంటే తర్వాత ఎంత సరిచేసినా ఉచ్చారణ అతుకులు పెట్టినట్టే ఉంటుంది. కనీసం ఒక వారం ట్యూన్ జోలికి వెళ్ళకుండా మాటలే చదవండి.

మొదటి లైన్ తీసుకుందాం: "దాఁ-జాఁ సొమేయ్ క షర్మే తోఁ-నిమాజ". "దాఁ", "ఆఁ" విడివిడి మాటలు, కానీ మొదటి మాట చివర మామూలుగా పలకని అక్షరం తర్వాతి అచ్చుకి తగిలి "జ"లాగా బయటికొస్తుంది, అందుకే "దాఁ-జాఁ". అలాగే "తోఁ" పక్కన "ఇమాజ" వస్తే "తోఁ-నిమాజ". మన సంధుల్లాంటిదే అనుకోండి. ఇక్కడ రెండు జ-లూ ఒకటి కాదు, మొదటిది జీరోలో ఇంగ్లిష్ వాళ్ళు పలికేది, ఇమాజలోది మెజర్, ప్లెజర్‌లలో వినిపించేది, రెండిట్లో ఏదీ మన గట్టి "జ" కాదు.

అరసున్నా పెట్టిన చోట గాలి కొంచెం ముక్కులోంచి పోవాలి గానీ నాలుక పైకెళ్ళి "న్" అనకూడదు, పెదాలు మూసుకుని "మ్" అసలే అనకూడదు. మనవాళ్ళు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. "తోఁ" అని లాగి పట్టుకుని అద్దంలో చూసుకోండి, చివరిదాకా నోరు తెరిచే ఉండాలి.

మనకి కలిసొచ్చేవి కూడా ఉన్నాయి. ఫ్రెంచ్‌లో టీ అక్షరం మన "త", డీ అక్షరం మన "ద", నాలుక పళ్ళకి తగులుతుంది, ఇంగ్లిష్ అలవాటులో "టోన్" అనకుండా ఉంటే చాలు. క, ప కూడా ఊపిరి విసరకుండా మనలాగే పలుకుతారు. "ర" గురించి భయపడొద్దు, పారిస్ వీధుల్లో గొంతులోంచి వచ్చే ర వేరు, క్లాసికల్ పాటలో నాలుక కొసతో తేలిగ్గా పలికే ర ఎప్పటి నుంచో ఉన్నదే.

కొత్తగా నేర్చుకోవాల్సింది "త్యూ" అని మనం రాసేసుకునే అచ్చు. పెదాలు "ఊ" అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల "ఈ" అనండి, అదీ శబ్దం. ఈ పాటలో "నువ్వు" అనే మాటలో ఉన్నది అదే, ఇంకా చాలా మాటల్లోనూ ఆ అచ్చు వస్తుంది కాబట్టి తప్పించుకోలేం. ఇంకొకటి, మామూలు మాటల్లో మింగేసే చివరి చిన్న "అ"కి పాటలో స్వరం ఇస్తారు, "ఇమాజ" చివర "అ" అలాంటిదే, దాన్ని పాడాలి గానీ నొక్కకూడదు. "ఎలాస్"లో మొదట హెచ్ రాసి ఉన్నా పలకరు, చివర "స్" మాత్రం పలుకుతారు.

4. తాళం

పాట మూడు బీట్లది, రూపకం వేసినట్టు చేత్తో వేసుకోవచ్చు. పియానో కుడిచెయ్యి మొదటి నుంచీ ఒక్కో బీటుకి రెండు కార్డుల (కలిపి ఒకేసారి నొక్కే స్వరాల) చొప్పున బార్‌కి, అంటే మూడు బీట్లకి, ఆరు, ఆగకుండా మోగిస్తూ ఉంటుంది. దాని మీద పాడేవాళ్ళకి చాలా చోట్ల ఒక బీటులో మూడు స్వరాలు వస్తాయి. అంటే పియానో "తక" అంటుంటే మీరు "తకిట" అనాలి. తిస్రం వచ్చినవాళ్ళు దీన్ని ఇట్టే పట్టేస్తారు, రానివాళ్ళు మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 50 దగ్గర పెట్టి, తొడ మీద రెండేసి కొడుతూ నోటితో తకిట అంటూ పది నిమిషాలు చేయండి. తర్వాత అదే లయలో మాటలు, ఇంకా ట్యూన్ లేకుండానే. మూడూ సమానంగా ఉండాలి, రెండు గబగబా ఒకటి పొడుగ్గా పాడితే లైను కుంటుతుంది.

5. ఇప్పుడు ట్యూన్

ముందు ఒక్క అచ్చు మీద, "ఊ" అయినా "ఆ" అయినా, లైను మొత్తం పాడండి, తర్వాత మాటలు ఎక్కించండి. గమకాలు వద్దు. స్వరం నుంచి స్వరానికి జారుడు కూడా అలవాటుగా రానివ్వొద్దు, నేరుగా వెళ్ళి నిలబడాలి. సీ మైనర్ అంటే నటభైరవి, కీరవాణి చెవికి తగులుతాయి, అయితే అదొక రాగంలా ఫిక్స్ అయి ఉండదు, కింద బేస్ (పియానోలో అడుగు స్వరం) మెట్టు మెట్టుకీ మారిపోతుంటుంది, మీరు పట్టుకున్న స్వరం అదే ఉన్నా దాని రంగు మారిపోతుంది. తంబూరా పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తే ఇది అర్థం కాదు, పియానోలో బేస్ స్వరాలొక్కటే వాయించుకుంటూ పాడి చూడండి, ఫోరే గొప్పతనం అక్కడ తెలుస్తుంది.

ఊపిరి అర్థం తెగే చోటే తీసుకోవాలి. "త్యూ రెయొనే కొమాఁ స్యెల్ ఎక్లెరే పార్ లొరోర్" అనేది పొడుగు లైను, ఒక్క ఊపిరికి రాకపోతే "రెయొనే" తర్వాత చటుక్కున తీసుకోండి, "కొమాఁ స్యెల్" మధ్యలో మాత్రం తెంపొద్దు.

6. పియానోతో కలపడం

ఇక్కడ నా మాట గట్టిగానే చెప్తా, దయచేసి లాగొద్దు. ఈ పాట సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) మీద కూడా చాలా ఫేమస్, సెల్లో వాయించే పాబ్లో కసాల్స్ దాన్ని సెల్లోకి రాసుకున్నాడు, అవి వినీ వినీ చాలామంది పాటని ఏడుపులా సాగదీసేస్తారు. స్కోర్ మీద ఉన్నది ఆందాంతినో, నడిచే వేగం. ఫోరేతో కలిసి పనిచేసిన గాయకులు ఆయన టెంపో విషయంలో ఎంత కచ్చితంగా ఉండేవాడో చెప్పారు. 1877లో ఆయన నిశ్చితార్థం తెగిపోయింది, ఈ పాటలో ఆ బాధ ఉందని అంటుంటారు, ఉంటే ఉండొచ్చు, కానీ దాన్ని మీరు గొంతులో నటించక్కర్లేదు. కింద ఆ కార్డులు ఆగకుండా మెత్తగా పోతుంటేనే పైన మనిషి కల తేలుతుంది, మీరు ఆగితే కల కాస్తా అక్కడే పడిపోతుంది.

పియానో వాయించేవాళ్ళకి ఒకటే రిక్వెస్ట్, కుడిచెయ్యి చాలా తక్కువ సౌండ్, బేస్ మాత్రం పాడుతున్నట్టు వినపడాలి. మనిషి దొరక్కపోతే ట్రాక్ పెట్టుకోండి, నిలకడగా ఉన్నదే చూసుకోండి.

7. సౌండ్ ఎంత పెంచాలి

మొదలు మెత్తగా. ఆకాశం తెరుచుకునే చోట పెరగాలి. "ఎలాస్" దగ్గర అరవకుండా, పొట్ట నుంచి ఊపిరి ఆన్చి నిండుగా పాడండి. "రెవ్యాఁ" (మళ్ళీ రా) అని మళ్ళీ మళ్ళీ పిలిచే చోట ఒక్కోసారి ఒక్కోలా ఉండాలి, చివరిది తగ్గుతూ రావాలి.

వినాలంటే గాయకులు ఎల్లీ ఆమెలింగ్, జెరార్ సూజే ఇద్దరివీ వినండి, పియానో మీద డాల్టన్ బాల్డ్విన్. కానీ మూడో స్టెప్ అయ్యాకే, లేకపోతే వాళ్ళ గొంతుని కాపీ కొట్టేస్తారు.

ఇది వచ్చేశాక ఫోరేదే "లీదియా" పట్టుకోండి. దాంట్లో మొదట్లోనే మధ్యమం పెంచి పెట్టాడు, పేరుకి తగ్గట్టు లీడియన్ మోడ్, అంటే మన ప్రతి మధ్యమం, కల్యాణి పాడినవాళ్ళకి మొదటి లైన్‌లోనే చెవికి తగులుతుంది.