మేఫ్లవర్ ఎక్కే ముందు ఒహాయో దాటాలి

అమెరికాలో తొలి వలసదారుల వారసులమని నమ్మే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో ఎక్కువమంది పై నుంచి కిందికి వెతుకుతారు. 1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మంది జాబితా ముందేసుకుని, ఇంటిపేరు కలిసిన మనిషిని పట్టుకుని, అక్కణ్ణుంచి మెట్లు దిగుతూ తమ తాతకి కలపాలని చూస్తారు. అలా వెతికితే ఎవరైనా ఎవరికైనా కలుస్తారు. మనకి తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో తరం వెనక్కి వెళ్ళాలి. ప్రతి తరం దగ్గరా ఒకటే ప్రశ్న: ఈయన ఫలానా ఆయన కొడుకేనని చెప్పే కాగితం ఏది?

నేను ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే చేశాను. రిటైరయ్యాక ఏడాదిలో సగం మసాచుసెట్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడిది ఒహాయో. వాళ్ళమ్మని నేను వదినగారనే పిలుస్తాను, ఆవిడకీ అలవాటైపోయింది. తమది మేఫ్లవర్ వంశమని ఆవిడ నమ్మకం. పాత దస్తావేజులు చదవడం వచ్చు కదా అని ఆ పని నా నెత్తిన పడింది. వంశాల చరిత్రలో నేను నిపుణురాలిని కాదు. కాగితం ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎక్కడ దాచారు అని చూడటం మాత్రం వచ్చు. ఈ పనికి పెట్టుబడి అదే.

ముందుగా ఒక మాట చెప్పేస్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. అసలు కష్టం 1630ల దగ్గర రాదు. 1780 నుంచి 1850 దాకా ఉన్న డెబ్భై ఏళ్ళ దగ్గర వస్తుంది. న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్, కనెక్టికట్, వెర్మాంట్ లాంటి ఈశాన్య రాష్ట్రాలు) తొలితరం గురించి పండితులు నూట యాభై ఏళ్ళుగా తవ్వి పెట్టారు. వాళ్ళ మునిమనవలు మాత్రం స్వాతంత్ర్య యుద్ధం అయ్యాక కనెక్టికట్, మసాచుసెట్స్‌లలో రాళ్ళ పొలాలు వదిలేసి వెర్మాంట్‌కీ, న్యూయార్క్ పైభాగానికీ, ఒహాయోకీ బండ్లు కట్టుకుని వెళ్ళిపోయారు. కొత్త ఊళ్ళలో చాలాచోట్ల జననాలు రాసే గుమాస్తా లేడు, చర్చి కూడా లేదు. వంశవృక్షాల్లో కొమ్మలు విరిగేది ఇక్కడే. ఇంటర్నెట్‌లో జనం ఊహతో అతికించేదీ ఇక్కడే.

సెన్సస్‌తో మొదలుపెట్టండి. 72 ఏళ్ళు దాటితేగానీ బయటపెట్టరు కాబట్టి, 1950ది 2022లో వచ్చింది. అక్కణ్ణుంచి పదేళ్ళ చొప్పున వెనక్కి వెళ్ళండి. 1890ది అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏమీ మిగల్లేదు, అక్కడ ఇరవై ఏళ్ళ ఖాళీ ఉంటుంది. 1880లో ఇంటి యజమానికి ఒక్కొక్కరూ ఏమవుతారో, తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో రాశారు. 1850లో బానిసలు కానివాళ్ళందరి పేర్లూ, వయసూ, పుట్టిన రాష్ట్రమూ ఉంటాయి గానీ చుట్టరికం ఉండదు. ఒకే ఇంట్లో ఉన్న కుర్రాడు కొడుకు కావచ్చు, మేనల్లుడు కావచ్చు, పాలేరు కావచ్చు. 1840 నుంచి 1790 దాకా ఇంటి యజమాని పేరు ఒక్కటే. మిగతావాళ్ళంతా ఆడ, మగ, వయసుల గళ్ళలో అంకెలు. ఒహాయోకైతే 1820కి ముందు సెన్సస్ దాదాపు లేనట్టే. ఆ లోటుని పన్ను జాబితాలు కొంత తీరుస్తాయి. ఒక మనిషి పేరు ఏ ఏడాది జాబితాలో మొదటిసారి కనబడితే, అంతకు ముందు ఏడాదీ ఆ తర్వాత ఏడాదీ కూడా చూడండి, ఆయనతో పాటు అదే ఇంటిపేరు వాళ్ళు ఇంకెవరు వచ్చారో తెలుస్తుంది.

స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన మనిషైతే మీ అదృష్టం పండినట్టే. 1832 పెన్షన్ చట్టం కింద దరఖాస్తు పెట్టిన ముసలివాళ్ళు కోర్టులో నిలబడి జవాబు చెప్పాల్సిన ప్రశ్నల్లో ఇవి ఉన్నాయి: ఎక్కడ, ఏ ఏడాది పుట్టావు? సైన్యంలో చేరేటప్పుడు ఎక్కడున్నావు? యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నావు? వలస దారంతా ఒక్క పేజీలో దొరుకుతుంది. 1836 తర్వాత భార్యలు విధవా పెన్షన్ అడిగినప్పుడు పెళ్ళి రుజువు కోసం ఇంటి బైబిల్లోంచి పుట్టుకలు రాసుకున్న కాగితం చింపి జతచేసేవాళ్ళు. అవి ఇప్పటికీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్ళలో ఉన్నాయి. పెన్షన్ ఇవ్వకుండా తిప్పికొట్టిన ఫైళ్ళు కూడా చూడండి. వాళ్ళు బతిమాలుకుంటూ ఇంకా ఎక్కువ రాశారు.

మా అల్లుడి వంశంలో అటువంటి ఫైలు లేదు. 1850 సెన్సస్‌లో గియాగా కౌంటీలో డెబ్భై దాటిన ఒక రైతు, పుట్టింది కనెక్టికట్ అని మాత్రమే ఉంది. ఒహాయో ఈశాన్య భాగం ఒకప్పుడు కనెక్టికట్ తనకని ఉంచుకున్న నేల, అక్కడికి వెళ్ళినవాళ్ళలో ఆ రాష్ట్రం వాళ్ళే ఎక్కువ. కాబట్టి ఆశ్చర్యం లేదు, ఆధారమూ లేదు. కనెక్టికట్‌లో ఆ వయసుకి సరిపోయే, అదే పేరున్న పిల్లలు ముగ్గురు కనబడ్డారు. అక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చింది. దస్తావేజు భూమి ఉన్నచోట రికార్డవుతుంది, అమ్మినవాడు ఎక్కడున్నా సరే. తండ్రి చనిపోతే ఒహాయోలో ఉన్న కొడుకు తన వాటాని ఊళ్ళో ఉన్న అన్నదమ్ములకి రాసిచ్చి ఉండాలి. ఆ కాగితం కనెక్టికట్‌లోనే ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి: మసాచుసెట్స్‌లో దస్తావేజులు కౌంటీ ఆఫీసులో ఉంటాయి. కనెక్టికట్, రోడ్ ఐలండ్, వెర్మాంట్‌లలో టౌన్ క్లర్క్ దగ్గర ఉంటాయి. కౌంటీలో వెతికి లేదనుకుని వెళ్ళిపోయినవాళ్ళు బోలెడు.

అమ్మినవాళ్ళ ఇండెక్స్, కొన్నవాళ్ళ ఇండెక్స్ విడివిడిగా ఉంటాయి. మీ మనిషి పేరొక్కటే చూసి ఆపేయకండి. ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు వాళ్ళు చేసిన ప్రతి లావాదేవీ, తండ్రి పోయాక ఇరవై ఏళ్ళ దాకా చూడండి. నాకు దొరికింది ఒక హక్కు విడుదల దస్తావేజు. మన దగ్గర రాసినట్టే ఉంది. "ఒహాయో రాష్ట్రం, గియాగా కౌంటీ కాపురస్తుడనైన నేను" అని మొదలు. కీర్తిశేషులైన తండ్రి పేరు. ఆ పొలంలో తనకి వచ్చే ఏడో వంతు, తల్లి అనుభవంలో ఉన్న మూడో భాగంలో ఆవిడ తదనంతరం తనకి రావాల్సిన వాటాతో సహా, అన్నకి వదిలేస్తున్నట్టు. ఉత్తరాన ఇంకో తమ్ముడి నేల, తూర్పున రోడ్డు. సంతకం పెట్టింది ఒహాయోలో జస్టిస్ ఆఫ్ ది పీస్ (ఊరి చిన్న మేజిస్ట్రేట్) ముందు, నకలెక్కింది కనెక్టికట్ పుస్తకంలో. తండ్రి, తల్లి బతికుందన్న సంగతి, ఇద్దరు అన్నదమ్ములు, వారసులు ఏడుగురన్న లెక్క, అన్నీ ఒక్క పేజీలో! ముగ్గురిలో ఇద్దరు ఆ క్షణమే పక్కకి తప్పుకున్నారు. సరిహద్దుల్ని ఎప్పుడూ దాటేయకండి. పక్క పొలంవాడు చాలాసార్లు చుట్టమే అయ్యుంటాడు.

ఇలాంటివి వెతకడానికి ఫ్యామిలీసెర్చ్ సైట్ చాలు, ఉచితం. అందులో చేతిరాతని కంప్యూటరే చదివి వెతికిపెట్టే ఫుల్ టెక్స్ట్ సెర్చ్ వచ్చాక దస్తావేజుల పని సగానికి సగం తగ్గింది. ఇండెక్స్‌కి ఎక్కని సాక్షులూ, పక్క పొలాలవాళ్ళూ కూడా దొరుకుతారు. కొన్ని ఫిల్ములు (రికార్డులకి తీసిన ఫొటోలు) మాత్రం ఇంటి నుంచి తెరుచుకోవు, వాళ్ళ సెంటర్‌కో అనుబంధ లైబ్రరీకో వెళ్ళాలి. డబ్బు కట్టాల్సిన ఆన్సెస్ట్రీ సైట్ కూడా చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఊరికే వాడుకోవచ్చు.

వీలునామాలు దొరికితే నెమ్మదిగా చదవండి. కూతుళ్ళని పెళ్ళయ్యాక వచ్చిన ఇంటిపేర్లతో రాస్తారు కాబట్టి అల్లుళ్ళు తెలుస్తారు. ముందే పొలం పుచ్చుకున్న కొడుక్కి ఐదు షిల్లింగులు విదిలిస్తారు, లేదా పేరే రాయరు. వీలునామా లేకుండా పోతే ఇంకా మంచిది అంటాను నేను, ఎందుకంటే అప్పుడు కోర్టు అందరికీ పంచాలి. మసాచుసెట్స్, కనెక్టికట్‌లలో 18వ శతాబ్దం చివరిదాకా పెద్దకొడుక్కి రెండు వాటాలు. ఆస్తిని తొమ్మిది భాగాలు చేశారంటే పిల్లలు ఎనిమిదిమంది. ఆస్తి జాబితా కూడా వదలొద్దు. పరుపు ఇంత, ఇత్తడి కెటిల్ ఇంత, ఆవు ఇంత అని పౌండ్లు, షిల్లింగులు, పెన్సుల్లో విలువ కడుతూ ఇల్లంతా తిరిగినట్టు రాశారు. ఆ వరుసలోనే ఆవు తర్వాత ఒక మనిషి పేరు, పక్కన ఖరీదు కనబడితే ఉలిక్కిపడతాం. ఉత్తరాదిలోనూ బానిసలున్నారు. దాన్ని ఎత్తిరాసుకోండి, వదిలేయకండి. ఆ మనిషి వారసులకి ఆ పేరు దొరికే చోటు ఇంకెక్కడా లేకపోవచ్చు.

17వ శతాబ్దంలోకి అడుగుపెట్టాక దారి కొంచెం సాఫీగా ఉంటుంది. మసాచుసెట్స్‌లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాయాలని 1639లోనే రూలు పెట్టారు. చాలా ఊళ్ళకి 1850 దాకా ఉన్న ఆ రికార్డులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. కనెక్టికట్‌కి బార్బర్ కలెక్షన్ ఉంది, అక్కడి ఊళ్ళ పాత రికార్డులకి ఇండెక్స్ అది. కాకపోతే తేదీలతో జాగ్రత్త. 1752 దాకా వాళ్ళ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఒక పిల్లాడు 1655 ఏప్రిల్‌లో, ఇంకోడు 1655 ఫిబ్రవరిలో పుట్టినట్టుంటే కంగారుపడకండి, ఫిబ్రవరివాడే చిన్నవాడు, మన లెక్కలో 1656. మేఫ్లవర్ మీంచి సముద్రంలో పడి తాడు పట్టుకుని బతికిన జాన్ హౌలాండ్ చనిపోయిన తేదీని 1672/3 ఫిబ్రవరి 23 అని రాస్తారు, అంటే వాళ్ళ లెక్కలో 1672, మన లెక్కలో 1673. ఆ గీత అలాగే ఎత్తిరాసుకోండి, మీరు సరిదిద్దితే తర్వాతివాళ్ళు మళ్ళీ సరిదిద్దుతారు. అలాగే పేరు చివర జూనియర్ అని ఉంటే కొడుకే అనుకోవద్దు. ఊళ్ళో అదే పేరున్నవాళ్ళలో చిన్నవాడని అర్థం. పెద్దాయన పోగానే జూనియర్ సీనియర్ అయిపోతాడు.

1620, 1640 మధ్య న్యూ ఇంగ్లండ్‌కి వచ్చింది సుమారు 20,000 మంది. బోస్టన్‌లో 1845 నుంచి ఉన్న న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ వాళ్ళు గ్రేట్ మైగ్రేషన్ ప్రాజెక్టులో 1635 దాకా వచ్చినవాళ్ళ మీద ఒక్కొక్కరికీ ఆధారాలతో వ్యాసం రాశారు. మీ మనిషి అందులో ఉంటే ముందు అది చదవండి. మేఫ్లవర్ వాళ్ళకైతే ఐదు తరాల దాకా మేఫ్లవర్ సొసైటీ (ఆ ఓడవాళ్ళ వారసుల సంఘం) పుస్తకాలున్నాయి. పాతకాలపు కుటుంబ చరిత్రల్ని మాత్రం నమ్మేయకండి. గుస్టావ్ అంజూ అనే పెద్దమనిషి డబ్బున్న అమెరికన్లకి దొంగ వంశవృక్షాలు అల్లి అమ్ముకున్నాడు. ఆ పుస్తకాలు ఇంకా లైబ్రరీల్లో ఉన్నాయి, వాటిని చూసి ఎక్కించిన చెట్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి.

ఓడ జాబితా కావాలని అందరూ అడుగుతారు. ప్రభుత్వం జాబితాలు అడగడం మొదలైంది 1820లో. అంతకుముందువి దొరికితే దొరికినట్టు. 1635లో లండన్ రేవు దాటినవాళ్ళ పేర్లు, వయసులు చాలావరకు మిగిలాయి, వదినగారి మనిషి వాటిలోనే ఉన్నాడు. అంటే మేఫ్లవర్‌కి పదిహేనేళ్ళు ఆలస్యం. ఆ మాట ఆవిడకి చెప్పడానికి నాకు కొంచెం టెన్షనే అయింది గానీ ఆవిడ తేలిగ్గానే తీసుకున్నారు.

దక్షిణాది గురించి నాకు తెలిసింది తక్కువ, క్లుప్తంగా చెప్తాను. వర్జీనియాలో వలస వచ్చేవాళ్ళ ప్రయాణ ఖర్చు భరించినవాళ్ళకి తలకి 50 ఎకరాల చొప్పున ఇచ్చేవాళ్ళు. ఆ పట్టాల్లో అలా వచ్చినవాళ్ళ పేర్లుంటాయి, లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైట్లో చూడొచ్చు. పట్టా తేదీ వచ్చిన తేదీ కాదు, ఏళ్ళ తేడా ఉండొచ్చు. కొన్ని కౌంటీల రికార్డులు 1865లో రిచ్‌మండ్ తగలబడ్డప్పుడు పోయాయి. పెన్సిల్వేనియా జర్మన్లకైతే 1727 నుంచి బ్రిటన్ రాజుకి విధేయత ప్రమాణం చేసిన జాబితాలున్నాయి.

డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుందా అని మా అల్లుడు అడిగాడు. పన్నెండు తరాల వెనక 4,096 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. మామూలు పరీక్షలో అంత వెనకటి ఒక్క మనిషి ఆనవాలు అసలు మిగలకపోవచ్చు. తండ్రి, కొడుకు, మనవడుగా తెగకుండా వచ్చిన మగ వరసకైతే వై డీఎన్‌ఏ ఉపయోగపడుతుంది. లేదంటే ఆ డబ్బుతో దస్తావేజుల నకళ్ళు తెప్పించుకోండి.

ఇక సముద్రం దాటడం. ఇంగ్లండ్‌లో చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి, కాబట్టి పేరూ వయసూ సరిపోయే బాప్టిజం ఒకటి చాలాసార్లు దొరుకుతుంది. దొరకడం కష్టం కాదు, మనవాడిదే అని తేలడం కష్టం. ఇక్కడి వీలునామాలో అక్కడి ఊరి పేరో, అక్కడి వీలునామాలో "న్యూ ఇంగ్లండ్‌లో ఉన్న నా కొడుకు" అన్న మాటో కావాలి. రెండూ లేకపోతే కనీసం అదే రిజిస్టర్లో ముందుకి వెళ్ళి ఖననాలు చూడండి. వదినగారి మనిషికి ఇంటర్నెట్‌లో అందరూ అంటించిన బాప్టిజం ఒకటుంది. ఆ పిల్లాణ్ణి నాలుగో ఏట పూడ్చినట్టు అదే రిజిస్టర్లో పది పేజీల అవతల ఉంది.