వానలు పడకముందే పాత కారు వైపర్ వైరింగ్ చూసుకోండి

పాత కారులో వైపర్ ఎండాకాలమంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, దాన్ని ఎవరూ వాడరు కాబట్టి. తీరా మొదటి పెద్ద వాన రాత్రి హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ కలిసి కరెంటు లాగుతున్నప్పుడు అది అద్దం మధ్యలో ఆగి కూర్చుంటుంది. వైపర్ కాస్త నెమ్మదించగానే మోటారు మార్చేయమనేవాళ్లు చాలామంది ఉంటారు. నన్నడిగితే అది చివరి మాట. పాత బండ్లలో చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది, దానికి అందాల్సిన కరెంటే దారిలో ఆవిరైపోతుంది.

ముందు మన చేతుల భద్రత సంగతి. వైపర్ మోటారులోని గేరు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది. ఆగిపోయిందనుకున్న లింకేజీ (మోటారు తిప్పే ఊపును వైపర్ చేతులకు అందించే కడ్డీలు), వైరు కదపగానే ఒక్కసారిగా తిరిగితే వేలు నలిగిపోతుంది. కాబట్టి లింకేజీ దగ్గర చెయ్యి పెట్టేముందు బ్యాటరీ టెర్మినల్ విప్పేయాలి. ఏది విప్పాలంటే, బాడీకి బిగించి ఉన్నది. మరీ పాత బండ్లలో కొన్నిటికి పాజిటివే బాడీకి కలిపి ఉంటుంది, చూసుకుని మరీ విప్పండి. వైపర్ చేతులు తీసేముందు అవి ఆగే చోట అద్దం మీద టేపు ముక్క అంటించండి. బ్లేడు తీసిన చేతిని పైకెత్తి అలా వదిలేయకండి, స్ప్రింగు లాగితే అద్దం పగిలిపోతుంది. కింద మందపాటి గుడ్డ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఫ్యూజ్ చూడటానికి బాగున్నా దాన్ని నమ్మకండి. పాత పెట్టెల్లో ఫ్యూజ్ కొనలు, అది కూర్చునే క్లిప్పులు నల్లబడి కరెంటును సగంలో ఆపేస్తాయి. తీసి, ఎమరీ పేపరుతో రుద్ది, క్లిప్పు బిగుతు చూసి పెట్టాలి. మాటిమాటికీ కాలిపోతోందని ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజ్ వేయడం మాత్రం శుద్ధ తప్పు. ఫ్యూజ్ కాపాడేది మోటారును కాదు, వైరును. పెద్దది వేస్తే డ్యాష్‌బోర్డు వెనక కాలేది వైరే. స్విచ్ వేయగానే కాలిపోతే ఎక్కడో షార్ట్ అవుతోందని, లేదా లింకేజీ బిగుసుకుపోయి మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం.

ఇక అసలు పరీక్ష. ప్లగ్ విప్పి మీటరు పెడితే 12 వోల్టులూ నిక్షేపంలా కనిపిస్తాయి. తెగిపోగా ఒకే పోగు మిగిలిన వైరు కూడా అంతే చూపిస్తుంది, మోసమంతా అక్కడే. ప్లగ్ పెట్టి ఉంచి, అద్దం తడిపి, ఇంజను నడుపుతూ, హెడ్‌లైట్లు వేసి, వైపర్ తిరుగుతుండగా కొలవాలి. మీటరు మొనలు ఒకటి బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది మోటారు ప్లగ్‌లో కరెంటు వచ్చే వైరు మీద వెనకనుంచి పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే దారిలో స్విచ్చో, ఫ్యూజ్ పెట్టో, ఏదో జాయింటో తినేస్తోంది. తర్వాత ఒక మొన మోటారు బాడీ మీద, ఇంకొకటి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. ఇక్కడ 0.2 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, బాగాలేదు.

ఎర్త్ వైరు రింగును బాడీకి బిగించే బోల్టు పైకి తళతళలాడుతూ ఉంటుంది. విప్పి చూస్తే రింగు కింద పచ్చటి చిలుము, దాని కింద పెయింటు, ఆ పెయింటు కింద తుప్పు. లోహం కనిపించేదాకా గీకి, రింగు బిగించాక పైన కొంచెం గ్రీజు పూయండి. కొన్ని బండ్లలో మోటారును రబ్బరు బుష్షుల మీద కూర్చోబెడతారు. అక్కడ ఎర్త్‌కు వేరే వైరు ఉంటుంది, అది తెగితే మోటారుకు తిరుగుదారే ఉండదు.

ఆపగానే కిందికి దిగకుండా ఎక్కడపడితే అక్కడ ఆగే వైపర్‌ది వేరే కథ. స్విచ్ ఆపాక కూడా చేతులు కింది గీత చేరేదాకా మోటారుకు కరెంటు ఇచ్చే చిన్న పార్క్ స్విచ్ గేరు పెట్టెలోనే ఉంటుంది. దాని పలకలు అరిగినా, దానికొచ్చే వైరు తెగినా ఇలాగే ఆగుతుంది. ఒక వేగంలో తిరిగి రెండోదానిలో తిరగకపోతే, రెండు వేగాలకూ వేర్వేరు బ్రష్షులు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) ఉండే మోటార్లలో ఆ వేగానిదైన బ్రష్షునో, డ్యాష్‌బోర్డు స్విచ్చునో అనుమానించాలి. వైరు రంగులు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. పాత బండిలో ఎంతమంది చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు? పైగా కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు పనిచేస్తుంది. ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ ముందు పెట్టుకోవాలి.

వైరు ఇంజను గదిలోంచి లోపలికి దూరే రంధ్రం దగ్గర రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) ఉందో లేదో చూడండి. అది ఎండి రాలిపోతే రేకు అంచు వైరును కోసేస్తుంది. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు కనబడితే తీసేసి సరిగా క్రింప్ (లోహపు తొడుగులో వైరు పెట్టి నొక్కి బిగించడం) చేయించండి. అద్దం కింద నీళ్లు పోయే కంతలో ఆకులు నిండితే మోటారు నీళ్లలో నానుతుంది. ఇది చాలామంది చూడరు.

వైరింగంతా సరిగా ఉన్నా ఈడుస్తూ తిరిగితే, లింకేజీని మోటారు నుంచి విడదీసి మోటారును ఒంటరిగా తిప్పండి. చురుగ్గా తిరిగితే చేతులు తిరిగే కడ్డీలు బిగుసుకున్నట్టే. మోటారును సుత్తితో కొట్టకండి, లోపలి అయస్కాంతాలు పెళుసుగా ఉంటాయి, చిట్లిపోతాయి.

బండిలో అదే రేటింగు ఫ్యూజులు రెండు ఉంచుకోండి. దారిలో వైపర్ ఆగిపోతే వెంటనే స్విచ్ ఆపి బండి పక్కకు తీయండి. బిగుసుకున్న మోటారుకు స్విచ్ వేసి ఉంచితే అప్పటిదాకా బాగున్న మోటారు కూడా మాడిపోతుంది.