డయాలసిస్ మంచం మీద చదువుకోవడానికి

మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ నడుస్తుంటే ఈ మాట మీకోసం. సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు పడుతుంది. సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి లావు పుస్తకం పనికిరాదు. ఇష్టమైన పేజీలను పెద్ద అక్షరాలు వచ్చేలా జిరాక్స్ తీయించి, పలుచని ఫైల్లో పెట్టివ్వండి. ఒక్క చేత్తో తిప్పుకోవచ్చు.

ఏం చదవాలన్నది పేషెంటునే అడగండి, మనకు నచ్చింది వాళ్ల చేతిలో పెట్టొద్దు. మా అమ్మకు పోతన గజేంద్రమోక్షం కావాలి. బలం ఉడిగిపోయిన ఏనుగు నీవు తప్ప దిక్కులేదని మొరపెట్టుకునే పద్యాలు ఆమెకు నోటికొచ్చు. అయినా కాగితం చూస్తూ మెల్లగా చదువుకుంటేనే టెన్షన్ తగ్గుతుందంటుంది. పక్క మంచం మీది చాచా ఇయర్‌ఫోన్‌లో ఖురాన్ వింటాడు. కళ్లు అలసిపోయే వాళ్లకు అదే మేలు. మధ్యలో కళ్లు తిరిగినట్టుంటే చదవడం ఆపి వెంటనే నర్సును పిలవాలి, బీపీ పడిపోతూ ఉండొచ్చు.

మొక్కుల దగ్గర ఇంకా జాగ్రత్త. యాదగిరిగుట్టకో మన్యంకొండకో తీసుకెళ్తే, ప్రసాదమే కదా అని కొబ్బరినీళ్లు మాత్రం తాగించకండి. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని వాళ్లకు అది గుండె మీదికి వస్తుంది. పానకం, మజ్జిగ కూడా డాక్టరు ఆ రోజుకు ఇంతే తాగాలన్న నీళ్ల లెక్కలోకే వస్తాయి. శనివారం ఒక్కపొద్దు ఉంటానంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లయితే, ముందు డాక్టరును అడగండి.