డిజైన్ ఆప్స్ టీమ్‌లో కొత్త పద్ధతులు పుట్టాలంటే ఏం చేయాలి?

డిజైన్ ఆప్స్, అంటే యాప్‌లు గీసే డిజైనర్ల పని సాఫీగా నడిచేలా చూసే టీమ్. చాలామంది దృష్టిలో వీళ్ళు ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) లైసెన్సులు ఇచ్చేవాళ్ళు, మీటింగులు పెట్టేవాళ్ళు, అంతే. నిజానికి కొత్తగా చేరినవాళ్ళకి యాక్సెస్ ఇప్పించడం, డిజైన్ సిస్టమ్ (అందరూ వాడే బటన్లు, రంగులు, రూల్స్ సెట్) చూసుకోవడం, పూర్తయిన డిజైన్ డెవలపర్లకి అప్పగించే హ్యాండాఫ్, యూజర్ రీసెర్చ్‌కి మనుషుల్ని వెతకడం ఇవన్నీ వీళ్ళ నెత్తినే ఉంటాయి. రోజంతా టికెట్లతోనే, అంటే అది కావాలి ఇది కావాలి అని వచ్చే రిక్వెస్టులతోనే సరిపోతుంటే పైనుంచి "ఇన్నోవేషన్ చేయండి" అని మెయిల్ వస్తే నవ్వొస్తుంది కదా. అందుకే గోడ నిండా స్టిక్కీ నోట్లు అంటించే ప్రోగ్రాం పక్కన పెట్టి ఇలా చేసి చూడండి.

1. ఐడియాలు అడగొద్దు, చిరాకులు అడగండి

"ఎవరి దగ్గరైనా కొత్త ఐడియా ఉందా" అంటే ఏఐతో ఏదైనా చేద్దాం అన్న జవాబే వస్తుంది. దాని బదులు "ఈ వారం చేసిన పనే మళ్ళీ ఏది చేయాల్సొచ్చింది" అని అడగండి, మాటలు ఆగవు. ఒక షేర్డ్ షీట్ పెట్టి అందులో ఏం జరిగింది, ఎంతసేపు పోయింది, ఎవరెవరు ఇరుక్కున్నారు, ఈ మూడే రాయించండి. అప్పుడప్పుడూ ఒక డిజైనర్ పక్కన గంటసేపు ఊరికే కూర్చోండి కూడా, ఎందుకంటే అలవాటైపోయిన ఇబ్బంది ఎవరూ షీట్‌లో రాయరు. టయోటాలో కార్మికుల నుంచే సలహాలు తీసుకునే పద్ధతి 1951లో మొదలైంది, మెషీన్ దగ్గర నిలబడేవాడికి తెలిసినంత ఆఫీసు గదిలో ఉన్నవాడికి తెలియదు మరి.

2. లిస్టులోంచి ఒక్కటే తీసుకోండి

ఎంచుకునే చిరాకు తరచూ జరగాలి, ఎక్కువమందిని ఇబ్బంది పెట్టాలి, సరిచేయడం మన చేతిలో ఉండాలి. ఉదాహరణకి తెలుగులో కూడా నడిచే పేమెంట్ యాప్ అనుకోండి. స్క్రీన్లన్నీ ఇంగ్లీషులో గీస్తారు, "పే" అని చిన్న బటన్ పెడతారు, చివర్లో అక్కడికి "చెల్లించండి" వచ్చి కూర్చునేసరికి బటన్ చాలదు. ఇంగ్లీషు అక్షరాలకి పెట్టిన లైన్ హైట్‌లో (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) "లక్ష్మి", "స్త్రీ" లాంటి పదాల కింద ఒత్తులు తెగిపోతాయి. ఇది రిలీజ్ ముందు టెస్టర్ కంట్లో పడుతుంది, బగ్ పెడతాడు, డిజైనర్ మళ్ళీ ఫైల్ తెరుస్తాడు, డెవలపర్ విసుక్కుంటాడు, వచ్చే నెల ఇంకో స్క్రీన్‌లో ఇదే కథ. డిజైన్ ఆప్స్‌కి ఇంతకంటే మంచి సమస్య దొరకదు, ఎందుకంటే ఇది ఒక్క డిజైనర్ తప్పు కాదు, పద్ధతిలోనే ఉన్న లోపం.

3. టైమ్ ముందే తీసి పెట్టండి

ఖాళీ దొరికినప్పుడు చేద్దాం అంటే ఆ ఖాళీ ఎప్పటికీ దొరకదు. 3ఎమ్ కంపెనీలో పని టైములో 15 శాతం సొంత ప్రయోగాలకి వాడుకోనిచ్చే పద్ధతి పాతదే, గూగుల్ వ్యవస్థాపకులు 2004లో షేర్లు అమ్మకానికి పెట్టేటప్పుడు ఇన్వెస్టర్లకి రాసిన లెటర్‌లో 20 శాతం అన్నారు. చిన్న టీమ్‌లో అంత శాతాలు కుదరవు, వారానికి ఒక పూట చాలు. కాకపోతే ఆ పూట టికెట్లు ఎవరు చూస్తారో రోటా వేయాలి. రోటా లేకపోతే "అర్జెంట్" అని ఒక్క మెసేజ్ వస్తుంది, అందరూ అటే పరిగెడతారు, ప్రయోగం గోవిందా.

తొందర కూడా పడొద్దు. పోస్ట్-ఇట్ అనే స్టిక్కీ నోట్లలో వాడిన గమ్ 3ఎమ్‌లో 1968లో తయారైంది, ఆ నోట్లు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. మన మేనేజర్లు మాత్రం క్వార్టర్ ఎండ్‌కి రిజల్ట్ అడుగుతారు, అది వేరే విషయం.

4. ఒక్క టీమ్‌తో, ఒక్క స్ప్రింట్ ట్రయల్ చేయండి

స్ప్రింట్ అంటే టీమ్ ఒక విడతగా పని ముగించే ఒకట్రెండు వారాల గడువు. మొత్తం కంపెనీకి రూల్ పెట్టేయకండి, సరే అన్న ఒక్క ప్రోడక్ట్ టీమ్‌ని పట్టుకోండి. మన ఉదాహరణలో అయితే, యాప్‌లో నిజంగా వాడే తెలుగు మాటల్లో పొడవైనవి, ఒత్తులు ఎక్కువున్నవి ఏరి ఒక సెట్ చేయండి. ఫిగ్మాలో 2023 నుంచి వేరియబుల్స్ (ఒకచోట రాసిపెట్టి స్క్రీన్లన్నిటిలో వాడుకునే మాటలు, విలువలు) ఉన్నాయి, వాటిలో ఇంగ్లీషుకి ఒక మోడ్, తెలుగుకి ఒక మోడ్ పెడితే ఫ్రేమ్ (గీసిన స్క్రీన్) మీద మోడ్ మార్చగానే మాటలు మారిపోతాయి, తెగిన అక్షరం డిజైనర్‌కి అక్కడే కనిపిస్తుంది. తర్వాత తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫాంట్ సైజ్ పెంచి కూడా చూడండి, మన అమ్మానాన్నలు వాడేది అలాగే కదా.

మొదలుపెట్టే ముందే "ఇలా జరిగితే ఆపేస్తాం" అని ఒక లైన్ రాసి పెట్టుకోండి. తర్వాత రాద్దామంటే ఎవరికీ మనసొప్పదు.

5. సరైనది లెక్కపెట్టండి

ఎన్ని ఐడియాలు వచ్చాయన్నది లెక్కే కాదు. ట్రయల్‌కి ముందు స్ప్రింట్‌లో తెలుగు డిస్‌ప్లే బగ్స్ ఎన్ని, తర్వాత ఎన్ని, చాలు. ఎవరెన్ని సలహాలిచ్చారని మనుషుల పేర్లతో స్కోర్‌బోర్డ్ మాత్రం పెట్టొద్దు, నెల తిరక్కుండానే పనికిమాలిన సలహాల వరద వస్తుంది.

6. ఓనర్‌ని పెట్టండి, పాతది తీసేయండి

ట్రయల్ పనిచేస్తే దాన్ని చూసుకునే మనిషి పేరు డాక్యుమెంట్‌లో పైనే రాయండి, మొదట చిరాకు చెప్పింది ఇంటర్న్ అయితే ఆ పేరు కూడా రాయండి. కొత్తది ఒకటి చేర్చినప్పుడు ఎవరూ వాడని పాత టెంప్లేట్, ప్లగిన్, వీక్లీ మీటింగ్, ఏదో ఒకటి తీసేయాలి. చూసుకోడానికి ఎవరూ ముందుకు రాకపోతే బతిమాలకండి, ఆర్కైవ్‌లో పడేసి లిస్టులో తర్వాతి చిరాకుకి వెళ్ళండి.