ఇంగ్లీషు రాకపోయినా రాక్ ఆల్బమ్ వినేది ఎట్ల

మా అనంతపురంలో ఎవరికైనా ఇండీ రాక్ (పెద్ద కంపెనీల పద్ధతికి లొంగకుండా బ్యాండ్లు తమకు నచ్చినట్టు చేసుకునే రాక్) ఆల్బమ్ పంపితే ముందు వచ్చే మాట ఒకటే, ఆ ఇంగ్లీషు నాకు అర్థం కాదులే అన్నా అని. దానికే ఇదంతా రాస్తాండా. ఆర్.ఈ.ఎమ్ అనే అమెరికా బ్యాండ్ వాళ్ల మర్మర్ (1983) ఆల్బమ్ ఉంది కదా, అందులో మైకేల్ స్టైప్ మాటల్ని నమిలేసి పాడతాడు, ఏమంటున్నాడో అమెరికా వాళ్లకే సరిగ్గా పట్టుబడలేదు, అయినా ఆ రికార్డుని నెత్తిన పెట్టుకున్నారు. కాబట్టి ఆ భయం తీసి పక్కన పెట్టు.

ముందు ఫోన్‌లో షఫుల్ ఆఫ్ చెయ్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరిని ఇంకో పాట మొదటితో కలిపేసేది) ఆఫ్, బాస్ బూస్ట్ అయితే కచ్చితంగా ఆఫ్. వైరు ఇయర్‌ఫోన్స్ మామూలువి చాలు.

నాకు బెస్ట్ జాగా బెంగళూరు బస్సు, కిటికీ సీటు. రేడియోహెడ్ అనే బ్యాండ్ వాళ్ల ఇన్ రెయిన్‌బోస్ (2007) తీసుకో, 10 పాటలు, 42 నిమిషాలు, వాళ్లు మొదట దాన్ని మీకు తోచినంత ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోండి అని సొంతంగా నెట్‌లో పెట్టినారు. ఊరు దాటి హైవే ఎక్కినాక ప్లే నొక్కితే చెన్నేకొత్తపల్లి అటుఇటుగా అయిపోతాది. మొదటి తూరి లిరిక్స్ చూడొద్దు, రేటింగ్ చూడొద్దు, చెవి నిలబడిన చోటు ఒక్కటి గుర్తు పెట్టుకో అంతే. రెండో తూరి ఒక్క వాయిద్యాన్నే పట్టుకొని పో, బాస్ గానీ డ్రమ్స్ గానీ. మొదటి పాటకి చేత్తో తాళం వేసి చూడు, నాలుగు కాదు ఐదు లెక్క వస్తాది, మన ఖండ చాపు మాదిరి, చెక్కభజన చూస్తా పెరిగినోళ్లకి ఇట్లా లెక్క పట్టుకునేది కొత్తేం కాదు. లిరిక్స్ మూడో తూరికి తెరువు.

ఇంక లవ్‌లెస్ (1991), మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండ్ వాళ్లది. మనం సినిమా పాటలతో పెరిగినాం, గొంతు పైన ఉంటాది, వాయిద్యాలన్నీ కింద ఉంటాయి, ఇందులో గొంతు గిటార్ల లోపల మునిగిపోయి ఉంటాది, ఎంత సౌండ్ పెంచినా పైకి రాదు, పెంచొద్దు కూడా, అది అట్లా కావాలనే చేసినారు. ఆ బ్యాండ్‌లో కెవిన్ షీల్డ్స్ గిటార్ వాయిస్తానే దాని ట్రెమోలో కడ్డీని (తీగల బిగువు మార్చేది) పట్టుకొని ఊపుతాడు, అందుకే స్వరం సాగి సాగి పాత క్యాసెట్ టేపు లాగినట్టు వినపడతాది. మొదటి తూరి నా ఇయర్‌ఫోన్స్ పోయినాయేమో అని పీకి చూసుకున్నా. నాలుగో తూరి, ఎండాకాలం రాత్రి మిద్దె మీద పడుకొని వింటే, ఆ గోలలో నుంచి ఒక జోలపాట బయటికొచ్చింది, అప్పట్నుంచి నాకు దాని కంటే గొప్ప ఆల్బమ్ లేదు. ఇది నా మాట, నీకు వేరే అనిపిస్తే అదే కరెక్ట్.

అట్లని సూపర్, వేస్ట్ అని రెండు ముక్కలతో వదిలేయొద్దు, ఏ పాటలో ఏ నిమిషం దగ్గర ఏమనిపించిందో రాసిపెట్టుకో. రివ్యూలు అది రాసుకున్నాకనే చదువు, ముందే చదివితే వాళ్ల చెవులతో వింటావు. నేను రాసుకున్నవి చూస్తే రేడియోహెడ్ వాళ్లదే ఓకే కంప్యూటర్ (1997) కంటే ఇన్ రెయిన్‌బోస్ నాకు ఎక్కువ, ఎందుకంటే ఇన్ రెయిన్‌బోస్‌లో వెచ్చదనం ఉంది, చాలామంది ఒప్పుకోరు, అయినా అది నా చెవి చెప్పింది.

మూడు తూర్లు విన్నా ఎక్కలేదా, ఆరు నెలలు వదిలెయ్. పిక్సీస్ బ్యాండ్ వాళ్ల డూలిటిల్ (1989) నాకు అట్లనే అయింది, మెల్లగా పాడి పాడి ఒక్కసారిగా అరిచేది చిరాకనిపించింది, తర్వాత నిర్వానా బ్యాండ్‌ని విని, దాని గాయకుడు కర్ట్ కొబైన్ ఆ పద్ధతి పిక్సీస్ దగ్గర్నుంచే తీసుకున్నానని చెప్పినాడని తెలిసినాక మళ్లీ వేసినా, ఈ తూరి ఆ అరుపు కోసమే కాచుకొని కూర్చున్నా.

మొదలుపెట్టేది మాత్రం స్ట్రోక్స్ బ్యాండ్ వాళ్ల ఈజ్ దిస్ ఇట్ (2001)తో పెట్టు. 36 నిమిషాలే, ఒక్క పాట కూడా దాటేయాలనిపించదు, గొంతు పగిలినట్టు వస్తే స్పీకర్ తప్పు కాదు. లవ్‌లెస్‌ని మిద్దె మీద పడుకునే రోజులు వచ్చేదాకా దాచిపెట్టుకో.