రూమ్ టోన్ ఎలా రికార్డ్ చేయాలి?

ఎవరూ నోరు మెదపకపోయినా గదికి ఒక చప్పుడు ఉంటుంది. ఫ్యాన్ గాలి, లైట్ల జుయ్యిమనే మోత, కిటికీ అవతల ట్రాఫిక్ హోరు... వీటి కలగలుపే రూమ్ టోన్. ఎడిటింగ్‌లో రెండు డైలాగుల మధ్య దగ్గు కోసేస్తే అక్కడ శబ్దంలో గొయ్యి పడుతుంది. చూసేవాళ్లకు కారణం తెలియదు కానీ చెవి ఉలిక్కిపడుతుంది. ఆ గొయ్యిని టోన్‌తో పూడుస్తాం. ఇది యాంబియన్స్ (సీన్ వెనక పరిసరాల చప్పుడు) కాదు. వాన, పిట్టల కూతలు ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు, టోన్ మాత్రం ఆ గదిదే కావాలి.

డైలాగ్‌కి వాడిన మైకు, రికార్డర్, హెడ్‌ఫోన్స్ చాలు. రికార్డర్ సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్.

అసలు సంగతి ఎప్పుడు తీయాలన్నది. చివరి టేక్ ఓకే అనగానే, ఎవరూ కదలకముందే తీయాలి. చాలామంది లైట్లు ఆర్పి, జనాన్ని పంపించేసి తీరిగ్గా తీస్తారు. అప్పటికి అది వేరే గది. పదిమంది ఒళ్లు, బట్టలు పీల్చుకున్న ప్రతిధ్వని తిరిగొస్తుంది. డైలాగ్ వెనక ఉన్న లైట్ల మోత టోన్‌లో ఉండదు. అతికించిన చోటల్లా అతుకు వినిపిస్తుంది.

మైకు నటుడి నోటివైపు ఎలా ఉందో అలాగే ఉంచండి. గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) ముట్టుకోవద్దు. రికార్డర్ తనంతట తానే దాన్ని మార్చుకునే ఆటో గెయిన్‌ని అయితే షూటింగ్ మొదట్లోనే ఆపేయాలి. నిశ్శబ్దం దొరికితే చాలు, అది లెవెల్ పెంచుకుంటూ పోతుంది. మీ టోన్ అల పొంగినట్టు వస్తుంది.

ముప్పై సెకన్లు చాలంటారు. నేను 60కి తగ్గను. మొదటి పది సెకన్లు చెప్పుల కిర్రులకూ, ఎవరిదో కడుపులో గుడగుడకూ పోతాయి. మిగిలింది చిన్న ముక్కయితే లూప్ చేసినప్పుడు, అంటే అదే ముక్కను మళ్లీ మళ్లీ వేసినప్పుడు, అందులోని ఒక్క 'టక్' పదే పదే వచ్చి పట్టిస్తుంది. ఒకసారి 50వ సెకనులో చెక్కబల్ల మీద ఫోన్ వణికింది. మళ్లీ మొదటి నుంచి తీశాను. అందరూ నన్ను కొరకొరా చూశారు, చూడనివ్వండి.

"తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేద్దాం" అనేవాళ్లతో నాకు పేచీ. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

చివర్లో సీన్ నంబరు, గది పేరు మైకులో చెప్పి ఆపండి. డైలాగ్ కోసం ఫ్రిజ్ ఆపి ఉంటే టోన్ అయ్యేదాకా ఆన్ చేయొద్దు. నేనైతే బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెడతాను. ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేను కదా.