ఫ్లోరెన్స్‌లో పసిబిడ్డతో, స్ట్రోలర్‌తో: సమస్య - కారణం - పరిష్కారం

మా పాపకు 10 నెలలున్నప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో నాలుగు రోజులు ఉన్నాం. మొదటి రోజు సాయంత్రానికి ముగ్గురికీ ఏడుపొక్కటే తక్కువ. మిగిలిన మూడు రోజులు హాయిగా గడిచాయి. మధ్యలో ఏం మార్చామో ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: స్ట్రోలర్ గడగడలాడుతుంది, నిద్రలో ఉన్న బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది

కారణం: పాత ఊరి వీధుల్లో పరిచినవి రాతి పలకలు. వాటి మధ్య సందుల్లో చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. విమానంలోకి తీసుకెళ్లడానికి వీలని మనం కొనే తేలిక స్ట్రోలర్ల చక్రాలు చిన్నవి, గట్టివి. కుదుపంతా బిడ్డకే తగులుతుంది. పైగా చాలాచోట్ల ఫుట్‌పాత్ మీద ఒక మనిషి నడవడమే కష్టం.

పరిష్కారం: చక్రాలు పెద్దగా ఉన్న స్ట్రోలర్ తీసుకెళ్లండి. గతుకుల దగ్గర ముందు చక్రాలు అటూ ఇటూ తిరగకుండా లాక్ చేయండి. బిడ్డను గుండెకు కట్టుకునే గుడ్డ క్యారియర్ కూడా ఉండాల్సిందే. రెండిట్లో ఒక్కటే తీసుకెళ్లమంటే నేను క్యారియరే తీసుకెళ్తాను.

సమస్య: పొంతె వెక్కియో వంతెన మీద బండి కదలదు

కారణం: రెండు వైపులా బంగారం కొట్లు, మధ్యలో జనం. పరిష్కారం: వంతెన పొద్దున్నే చూసేయండి. నది దాటడానికి పక్కనే ఉన్న శాంతా త్రినితా వంతెన వాడండి. పొంతె వెక్కియో అందంగా కనబడేది కూడా అక్కడి నుంచే.

సమస్య: టికెట్ కొన్నాక పైకి వెళ్లలేకపోవడం

కారణం: పెద్ద చర్చి గుమ్మటానికి 463 మెట్లు, పక్కనున్న జొత్తో గంట గోపురానికి 414. రెండిటికీ లిఫ్ట్ లేదు, మెట్ల దారి ఇరుకు. పరిష్కారం: ఒకరు ఎక్కితే ఒకరు కింద బిడ్డతో ఉండండి. ఇద్దరూ కలిసి చూడాలంటే ఉఫీత్సీ మ్యూజియం మేలు, అక్కడ లిఫ్ట్ ఉంది. సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం కాబట్టి రద్దీ ఎక్కువ. బిడ్డతో ఆ రోజు వద్దు.

సమస్య: ఎండలో బిడ్డ మొహం ఎర్రబడుతుంది, చిరాకు పడుతుంది

కారణం: ఎండ తగలకూడదని స్ట్రోలర్ మీద చున్నీ కప్పుతాం. లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. నేనూ అదే చేశాను. పరిష్కారం: చున్నీ తీసేయండి, స్ట్రోలర్ గొడుగు చాలు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నమంతా గదిలోనే ఉండండి.

సమస్య: బిడ్డకు ఆకలి వేళ హోటళ్లు మూసి ఉంటాయి

కారణం: చాలా హోటళ్లు మధ్యాహ్నం భోజనాల తర్వాత మూసేసి, రాత్రి ఏడు దాటాకే తెరుస్తారు. పరిష్కారం: ఉగ్గు పొడి, ఫ్లాస్క్ వెంట ఉంచుకోండి. కాఫీ బార్‌లో "ఆక్వా కాల్దా" అని వేడినీళ్లు అడగండి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు నెయ్యి మాత్రం పెట్టుకోవద్దు. పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. సీలు తీయని కంపెనీ ప్యాకెట్లోని పిల్లల పాలపొడికి 2 కిలోల దాకా మినహాయింపు ఉంది.

సమస్య: కాసేపు కూర్చుని పాలివ్వడానికి చోటు దొరకదు

కారణం: పేరున్న కూడళ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. పరిష్కారం: సాంతిస్సిమా అనున్జియాతా కూడలికి వెళ్లండి. అక్కడి ఇన్నొచెంతి భవనం అనాథ శిశువుల కోసం కట్టింది. 1419లో బ్రునెల్లెస్కి అనే వాస్తుశిల్పి రూపకల్పన చేశాడు, 1445లో మొదటి బిడ్డను చేర్చుకున్నారు. వసారా కమానుల మధ్య, నీలి పలకల మీద పొత్తిళ్లలో చుట్టిన తెల్లటి పసిబిడ్డల బొమ్మలు ఉంటాయి. ఆ వసారా నీడలో, మెట్ల మీద కూర్చుని పాపకు పాలిచ్చాను. పైనున్న ఆ బిడ్డలను చూస్తూ పాపను ఇంకాస్త దగ్గరకు పొదువుకున్నాను. ఆ మధ్యాహ్నం పాప నా ఒళ్లోనే గంటసేపు నిద్రపోయింది. స్ట్రోలర్ మెట్ల కిందే ఉంది.